మిద్దె మీదికి పోయిన వైరు

ఆ వేసవంతా మా ఇంట్లో ఒకరి ఫోను వంక ఒకరం అనుమానంగా చూసుకున్నాం.

మూడంతస్తుల ఇల్లు మాది, దుమ్యాత్‌కి అవతల, నైలు సముద్రంలో కలిసే చోట. కింద మామయ్య షతా ఒక్కడే ఉండేవాడు, పెద్దవాళ్ళని మా వైపు పిలిచినట్టే అందరూ హాగ్ షతా అనేవాళ్ళు. మధ్యలో బావగారు రిఫాత్, ఆయన భార్య బసీమా, వాళ్ళమ్మాయి తస్నీమ్. పైన నేనూ, నా మొగుడు మెత్వల్లీ. వంటిళ్ళు మూడు, కరెంటు మీటర్లు మూడు, ఇంటర్నెట్ లైను మాత్రం ఒక్కటే. టెలిఫోను తీగ మధ్య అంతస్తుకే వచ్చేది కాబట్టి రౌటర్ బసీమక్క హాల్లో టీవీ పక్కన ఉండేది. దాని పక్కనే వైర్లన్నీ కలిసే చిన్న డబ్బా. పెళ్ళయిన కొత్తలో మెత్వల్లీయే మెట్ల గోడకి మేకులు కొట్టుకుంటూ పైకీ కిందికీ వైర్లు లాగాడు. పావురాల గూళ్ళ దగ్గర కూర్చుని స్నేహితులతో ఫుట్‌బాల్ చూడ్డానికని మిద్దె మీదికి కూడా ఒకటి లాగి, పాత వైఫై పెట్టె ఒకటి అక్కడ తగిలించాడు. ఆ సరదా తీరిపోయాక దాని సంగతి అందరం మర్చిపోయాం.

నెలకి ఇంత అని కోటా వచ్చేది. అది అయిపోయిందంటే పేజీ తెరుచుకోదు, మాట వినపడదు. అయినా ఎప్పుడూ సర్దుకుపోయాం. ఆ వేసవిలోనే సర్దుకోలేకపోయాం.

మెత్వల్లీ పెద్ద పడవలో వేటకి పోతానన్న రోజు మామయ్య రేవు దాకా వెంటబడి వచ్చాడు. "దాని ఇంజను దగ్గుతోందిరా. నా చెవులతో విన్నా. ఈ ఒక్కసారికి ఆగు," అన్నాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద పడవ నడిపిన మనిషి. మెత్వల్లీ అప్పటికే పడవెక్కాడు. తోటివాళ్ళంతా చూస్తున్నారు. "నువ్వు ముసలాడివై పిరికివాడివైపోయావు నాన్నా, ఇంటికి పో," అన్నాడు నవ్వుతూ. అక్కడున్నవాళ్ళూ నవ్వారు. మామయ్య వెనక్కి తిరిగి నడిచాడు. నేనూ ఆయన వెనకే నడిచాను. దారి పొడుగునా నా వైపు చూడలేదు.

తర్వాత కొద్ది రోజులకే కబురొచ్చింది. నడి సముద్రంలో ఇంజను ఆగి, పడవ కొట్టుకుపోయి, పడమటి దేశం నీళ్ళలోకి వెళ్ళిందట. అక్కడి తీర కాపలావాళ్ళు పట్టుకుని, పడవతో సహా అందర్నీ ఏదో చిన్న రేవులో కట్టిపడేశారట. పడవ యజమాని వచ్చి మా గుమ్మంలో నిలబడి, "మాట్లాడుతున్నాం, మాట్లాడుతున్నాం," అని చెప్పి వెళ్ళాడు. ఆయన చెప్పగలిగింది అంతే.

మొదటి ఫోను వచ్చినప్పుడు నేను ములూఖియా ఆకు తరుగుతున్నాను. కాపలావాళ్ళలో ఒకతనికి జాలి కలిగి తన ఫోను ఇచ్చాడట. నెట్ మీద చేశాడు. మా సందులో మొబైల్ సిగ్నలు మెసేజీ వరకే పనికొస్తుంది, మాటకి రాదు. ఇంటి లైను మీదైతే మొహం కూడా కనపడింది. గడ్డం పెరిగింది. వెనక ఇనప గోడ.

"కొట్టారా?" అన్నాను.

"లేదే. పడవలోనే ఉంచారు. రొట్టె పెడుతున్నారు. నాన్న ఏడీ? నాన్నకివ్వు."

పరిగెత్తుకుంటూ మిద్దె మీదికి పోయాను. మామయ్య పావురాలకి గింజలు చల్లుతున్నాడు. "మామయ్యా, మెత్వల్లీ! మీతో మాట్లాడతాడట!"

ఆయన గింజలు చల్లడం ఆపలేదు. "నేను పిరికివాణ్ణి కదమ్మా. ధైర్యవంతులతో నాకు మాటలేంటి?"

ఫోనులోంచి అంతా వినపడే ఉంటుంది. మెత్వల్లీ, "సరే, ఉంటా," అన్నాడు.

ఆ తర్వాత ఎప్పుడు చేస్తాడో తెలియదు. ఒకోసారి వరసగా రెండు రోజులు, ఒకోసారి వారమంతా ఏమీ లేదు. నేను ఫోను కొంగులో కట్టుకున్నంత పని చేశాను. స్నానానికి వెళ్తే గుమ్మం దగ్గర తస్నీమ్‌ని కాపలా పెట్టేదాన్ని. వంట చేస్తూ, బట్టలు పిండుతూ, తెర మీద వైఫై గుర్తు వెలుగుతోందా లేదా అని చూసుకోవడమే పని. ఒక మధ్యాహ్నం చూస్తే గుర్తు ఉంది గానీ నెట్ లేదు. నెల సగమే అయింది. కోటా అయిపోయింది.

కిందికి దిగాను. బసీమక్క నడుం మీద చేతులు పెట్టుకుని రౌటర్ ముందు నిలబడి ఉంది.

"నేనే నీ దగ్గరికి వద్దామనుకుంటున్నా," అంది. "పొద్దస్తమానం ఫోను చేతిలోనే ఉంటుంది నీకు. ఏం చూస్తున్నావే అంత?"

"నేనేం చూడట్లేదక్కా. ఫోను కోసం కాచుకుని ఉంటున్నా. కాచుకుని ఉంటే కోటా అయిపోతుందా? నువ్వా టీవీలో సీరియళ్ళు నెట్ మీదే కదా చూసేది!"

"రోజుకొక్కటి! పోనీ నా కూతురి పాఠాలు ఆపెయ్యమంటావా? దానికి పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఈ ఏడు మార్కులు రాకపోతే దాని బతుకేంటి?"

"నా మొగుడి బతుకేంటక్కా?"

తస్నీమ్ గదిలోంచి తొంగి చూసి తలుపేసుకుంది.

రిఫాత్ బావ మళ్ళీ నింపించాడు. అది కూడా నీళ్ళలా పోయింది. ఆయన కుర్చీల కార్ఖానాలో పని చేస్తాడు, ఏదైనా కొలిచి కోసి సమానంగా పంచితే గొడవ ఉండదని నమ్మకం. "మెత్వల్లీ ఎక్కువగా సాయంత్రం అసర్ నమాజు తర్వాతే చేస్తున్నాడు కదమ్మా. అప్పటినించి పొద్దుగుంకే దాకా పై అంతస్తుకి. మిగతా టైములో మీ వైరు పీకి ఉంచుతా. ఏమీ అనుకోకు. తస్నీమ్ పరీక్షలయ్యే దాకానే," అన్నాడు. ఆయన మొహం చూస్తే కాదనలేకపోయాను. కళ్ళ ముందే మా వైరు డబ్బాలోంచి లాగేశాడు. అయినా కోటా తరగడం ఆగలేదు. ఇక బసీమక్క నన్ను దొంగలాగే చూసింది. నేనేమో తస్నీమ్‌ని అనుమానించాను. పాఠాల పేరు చెప్పి ఆ పిల్ల గదిలో ఏం చూస్తోందో అని. ఒకసారి గడియ పడని తలుపు తోసి చూశాను కూడా. నోట్సు ముందు పెట్టుకుని ఏడుస్తోంది. "పిన్నీ, బాబాయ్ వచ్చేస్తాడు కదా?" అంది. నాకు సిగ్గేసింది.

మెత్వల్లీ ఆ వారం మిట్టమధ్యాహ్నం చేశాడు. వైరు పెట్టాక, అసర్ తర్వాత, ఫోనులో వరసగా మిస్డ్ కాల్స్ వచ్చి పడ్డాయి. చివర్న ఒక గొంతు మెసేజీ.

"రావ్యా, ఎత్తవేంటే? ఏమైంది అందరికీ? విను. మమ్మల్ని ఇక్కణ్ణించి పట్నం తీసుకుపోతారట. అక్కడ ఫోను ఉండదు. ఎన్నాళ్ళో తెలీదు. రేపు అసర్ తర్వాత ఒకే ఒక్కసారి చేస్తా. నాన్నని దగ్గర పెట్టుకో. బతిమాలు, కాళ్ళు పట్టుకో, ఏమన్నా చెయ్యి."

నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. బసీమక్క వెనక నిలబడి అంతా వింది. నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె చేతులకి ఉల్లిపాయ వాసన.

రిఫాత్ బావ కోటా ఎంత ఉందో చూశాడు. అడుగంటింది. "జీతం ఎల్లుండి. ఎల్లుండి నింపిస్తా. రేపు మాత్రం ఎవ్వరూ ముట్టుకోవద్దు. ఒక్క ఫోనుకి సరిపోతుంది," అన్నాడు.

మర్నాడు బసీమక్క టీవీ ప్లగ్గే పీకేసింది. తస్నీమ్ పుస్తకాలు పట్టుకుని స్నేహితురాలింటికి పోయింది. మామయ్యకి ముందు రోజే చెప్పాను, రేపే చివరి ఫోనని. ఆయన చెప్పు తెగిందని కుట్టుకుంటూ కూర్చున్నాడు, అవునని గానీ కాదని గానీ అనలేదు. మధ్యాహ్నం జొహర్ బాంగు అయ్యాక నేను బసీమక్క హాల్లో ఆ చిన్న డబ్బా ముందు కాపలా కూర్చున్నాను. ఎవరి నెట్ నడుస్తుంటే వాళ్ళ వైరు దగ్గర పచ్చ దీపం గబగబా కొట్టుకుంటుంది. ఇంట్లో అన్నీ ఆపేశాం కాబట్టి ఒక్కటీ కొట్టుకోకూడదు.

ఒకటి కొట్టుకుంటోంది.

పట్టి లాగబోయాను. ఎవరు వాడుతున్నారో చూడకుండా లాగడం ఎలా అని ఆగాను. ఆ వైరు పట్టుకుని బయల్దేరాను. గోడ వెంట, మేకు మీంచి మేకుకి, మా గుమ్మం దాటి ఇంకా పైకి పోయింది.

మిద్దె మీద పావురాల గూటి నీడలో మామయ్య అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. చేతిలో మెత్వల్లీ పారేసిన పాత ఫోను, అద్దం పగిలింది. దాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకున్నాడు. అందులో ఎవరో చేపల వేలం పాడుతున్నాడు, పడమటివాళ్ళ యాసలో, గొంతు చించుకుని.

"మామయ్యా."

ఆయన ఉలిక్కిపడలేదు. "కూర్చో," అన్నాడు. "ఇప్పుడు చూడు. ఈ లావుపాటోడు పక్కకి జరుగుతాడు."

లావుపాటి చేపల వ్యాపారి బుట్ట ఎత్తడానికి పక్కకి జరిగాడు. అతని వెనక రేవు గట్టు, గట్టున కట్టేసిన పడవ, దూరంగా దాని వెనక కొస, దగ్గరగా ముక్కు. ఆకుపచ్చ రంగు, దాని మీద కన్ను బొమ్మ. మళ్ళీ అతను అడ్డం వచ్చేశాడు.

"మన పడవే. ఆ కన్ను మన వాడలో తప్ప ఎక్కడా అలా గియ్యరు," అన్నాడు మామయ్య. వేలితో తెర వెనక్కి జరిపాడు. మళ్ళీ బుట్ట, మళ్ళీ ముక్కు, మళ్ళీ కన్ను. "మన రేవు కుర్రాడొకడు వెతికిపెట్టాడు, వీడు రోజూ పొద్దున్నే వేలం చూపిస్తాడు. నేను సాయంత్రం దాకా అదే వేసుకుంటా. నా కళ్ళకి ఒకసారికి ఆనదు కదా. పైన తాడు మీద బట్టలు చూశావా? ఉతుక్కుంటున్నారు. అంటే లేచి తిరుగుతున్నట్టే. ఆ నీలం చొక్కా వాడిదేనా?"

గోరంత నీలం మరక. ఎవరిదో ఏం చెప్పగలను?

"వాడిదే మామయ్యా," అన్నాను.

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత ఫోను మళ్ళీ మొహం దగ్గరికి తీసుకోబోతే చెయ్యి పట్టుకున్నాను. "మామయ్యా, ఇది ఇలా చూస్తుంటే కోటా అయిపోతుంది. ఈ సాయంత్రం మెత్వల్లీ ఫోనుకి మిగలదు."

"అయిపోవడమేంటి? గాల్లోంచి వచ్చేది అయిపోతుందా?" అని నా మొహం చూశాడు. "మీ ఆడాళ్ళిద్దరూ అరుచుకుంటోంది దీనికేనా?"

ఆయన ఫోను ఆపడం చేతకాక, తిప్పలు పడి, చివరికి నా ఒళ్ళో పెట్టేశాడు. లేచి వెళ్ళి పావురాల నీళ్ళ పళ్ళెం కడగడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

కిందికి వస్తే బసీమక్క ఎదురొచ్చింది. "దొరికాడా దొంగ?"

"వైరు వదులైంది అక్కా. బిగించా."

అసర్ నమాజయ్యాక అందరం ఆ హాల్లోనే చేరాం. రిఫాత్ బావ కార్ఖానా నించి ముందే వచ్చాడు, జుట్టు నిండా రంపపు పొట్టు. తలుపు తీసే ఉంది. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. మామయ్య వచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఉతికిన పొడుగు గలాబియ్యా తొడుక్కున్నాడు.

ఫోను మోగింది. మొహం లేదు, గొంతే వచ్చింది, ముక్కలు ముక్కలుగా. "నాన్న ఉన్నాడా?"

ఇచ్చాను. మామయ్య దాన్ని తలకిందులుగా పట్టుకుంటే బసీమక్క తిప్పి పెట్టింది.

"నాన్నా! నాన్నా, ఆ రోజు రేవులో నేను..."

"ఇంజను ఎందుకాగింది?" అన్నాడు మామయ్య.

"డీజిల్లోకి నీళ్ళు పోయాయి. నాన్నా, నన్ను చెప్పనీ..."

"నువ్వు విను ముందు. పడవకి వెనక తాడు ఒక్కటే కట్టారు. ఈ వారంలో గాలి తిరుగుతుంది. రెండోది కట్టమను, లేకపోతే గట్టుకేసి కొట్టుకుని పగిలిపోతుంది. ఇంకా, ఆ నీలం చొక్కా తీసి తొడుక్కో. మూడు రోజుల్నించి ఎండలో వేలాడుతోంది."

అవతల ఏమీ లేదు. నెట్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు. ఊపిరి వినపడుతోంది.

"చొక్కా సంగతి నీకెలా తెలుసు నాన్నా?"

"కనపడింది."

"ఎక్కడ కనపడింది?"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. మెత్వల్లీ అంతలో, "నాన్నా, నేను నిన్ను..." అన్నాడు. అక్కడ ఆగిపోయింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, కాల్ దానంతటదే కట్టయిపోయింది. రిఫాత్ బావ తన ఫోను చూసి తల అడ్డంగా ఊపాడు.

మామయ్య ఆ ఫోను చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి కిందికి వెళ్ళిపోయాడు.

బసీమక్క ఒకసారి నా వంక, ఒకసారి మిద్దె వైపు పోయే వైరు వంక చూసింది. "వదులైంది, బిగించానన్నావు," అంది మెల్లగా. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన తస్నీమ్‌తో, "రేపట్నించి నీ ట్యాబు పొద్దున పూట తాతకివ్వు. ఆ బుల్లి ఫోనులో ఆయనకేం కనపడుతుంది?" అని వంటింట్లోకి పోయింది.

తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. ఫోను లేదు. యజమాని "మాట్లాడుతున్నాం" దగ్గరే ఉన్నాడు. రోజూ పొద్దున్నే అందరం టీ గ్లాసులు పట్టుకుని మిద్దె మీద చేరి పరాయి ఊరి చేపల వేలం చూసేవాళ్ళం. బసీమక్క సీరియళ్ళు మానేసింది. ఎందుకని అడిగితే, "బోరు కొట్టిందే," అంది. ఫోను వచ్చిన మూడో రోజు పడవ మీద తాడు ఖాళీగా ఉంది. బట్టల్లేవు, మనుషుల్లేరు. మామయ్య టీ తాగకుండా గ్లాసు కింద పెట్టేశాడు. నాకైతే అన్నం సహించలేదు.

ఆ వ్యాపారి పేరు ఖలీఫా అని తస్నీమ్ కనుక్కుంది. వేలం జరుగుతుండగా కింద కామెంటు రాసింది, వెనక పడవవాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళారని. అతను చదివి నవ్వాడు. "ఎవరో ఈజిప్టు అమ్మాయి పడవ సంగతి అడుగుతోంది. చెల్లీ, నేను చేపలమ్ముకునేవాణ్ణి, పోలీసుని కాను!" చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

"మళ్ళీ రాయి," అన్నాడు మామయ్య. "మర్యాదగా రాయి. పడవలో ఉన్నవాడి తండ్రి అడుగుతున్నాడని రాయి. ముసలివాడని రాయి."

తస్నీమ్ రాసింది. మర్నాడు వేలం రాలేదు. ఆ మర్నాడూ లేదు. మేం అడిగినందుకు అతని మీదికేమైనా వచ్చిందా? లోపలున్నవాళ్ళ మీదికి వచ్చిందా? పైకి ఎవరమూ అనలేదు గానీ అందరం అదే అనుకున్నాం. తస్నీమ్ పరీక్ష రాయడానికి వెళ్తూ కూడా, "వచ్చిందా పిన్నీ?" అని అడిగి వెళ్ళింది.

శుక్రవారం అయ్యాక ఖలీఫా మళ్ళీ కనపడ్డాడు. మామూలుగానే పాడాడు, అమ్మాడు, బేరాలాడాడు. మా మాటే ఎత్తలేదు. అంతా అయిపోయి జనం కదిలాక ఫోను చేతిలోకి తీసుకుని పడవ వైపు నడిచాడు. ముక్కు దగ్గర్నించి మొదలుపెట్టి, నెమ్మదిగా, మాట్లాడకుండా, పడవ మొత్తం చూపించాడు. కన్ను బొమ్మ, చుట్టిన వలలు, ఖాళీ తాడు. చివరికి వెనక భాగం. అక్కడ రెండు తాళ్ళు కట్టి ఉన్నాయి.

మామయ్య వేలు ఆ రెండో తాడు మీద ఆగింది.

ఖలీఫా తన మొహం వైపు ఫోను తిప్పుకున్నాడు. "హాగ్, సలాం," అన్నాడు, ఈసారి అరవకుండా. "మీ పిల్లలు పట్నంలో ఉన్నారు. నిన్న పోయి చూసొచ్చా, వండించిన చేపలు ఇచ్చొచ్చా. బాగున్నారు. నేనూ ఒకరి కొడుకునే."

బసీమక్క కొంగుతో మొహం కప్పుకుంది. రిఫాత్ బావ అటు తిరిగి పావురాల గూడు తలుపు తీశాడు, మళ్ళీ వేశాడు.

వేసవి చివర్లో వదిలేశారు. పడవ రాలేదు, మనుషులు రోడ్డు మీద వచ్చారు, ఎడారి దాటి, బస్సులు మారుతూ. మెత్వల్లీ మినీబస్సు దిగితే మొదట నేను గుర్తుపట్టలేదు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. రిఫాత్ బావ పట్టుకుని ఏడ్చాడు. మామయ్య దగ్గరికి వచ్చి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, ఎముక తగిలినట్టుంది, తీసేశాడు. మెత్వల్లీ వంగి ఆ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. "ముందు అన్నం తిను," అన్నాడు మామయ్య.

బసీమక్క బాతు వండింది. మెత్వల్లీ నాలుగు ముద్దలు తినీ తినక ముందే కళ్ళు మూతలు పడ్డాయి. పైకి తీసుకెళ్ళి పడుకోబెట్టాను. చెప్పులు కూడా నేనే విప్పాను.

కిటికీ రెక్క మూసి బయటికి వస్తే మామయ్య మా గుమ్మం ముందు మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"నిద్రపోయాడా?"

"పోయాడు మామయ్యా. లోపలికి రండి."

"వద్దు. లేస్తాడు," అన్నాడు. మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూర్చుని, గోడకి వీపు ఆనించాడు. తలుపు పూర్తిగా మూయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "కొంచెం తీసి ఉంచమ్మా. గురక వినపడుతోంది."

కొడుకు లేచేదాకా అక్కడే కూర్చున్నాడు.